కిలోకి ఏడు రూపాయలు: ఒప్పంద సేద్యంలో రైతు రాబడి ఎక్కడ తేలుతుంది?

ఆదివారం పొద్దున మా మెహిదీపట్నం సందులో చికెన్ షాపు ముందు ఇరవై మంది దాకా నిలబడి ఉంటారు. పలక మీద సుద్దతో రాసిన రేటు చూసి ఒకాయన "మళ్లీ పెంచిండ్రు" అంటాడు. పక్కాయన "కోళ్లఫారాలోళ్లకు పండగే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు షాద్‌నగర్ అవతల ఉన్న మా మేనమామ షెడ్డు గుర్తొస్తుంది. పలక మీద 180 ఉన్నా 300 ఉన్నా ఆయన చేతికి వచ్చేది కిలోకి ఏడు రూపాయల దరిదాపే. ఎందుకంటే ఆ కోళ్లు ఆయనవి కావు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, కింద పరిచే ఊక, పోగొట్టుకునే నిద్ర మాత్రం ఆయనవి.

కోళ్ల దగ్గర దీన్ని ఇంటిగ్రేషన్ అంటారు. పొలం దగ్గరైతే ఒప్పంద సేద్యం, కాంట్రాక్టు ఫార్మింగ్, బైబ్యాక్ అని రకరకాల పేర్లు. పేరేదైనా సంగతి ఒకటే: పంట వేయకముందే కొనేవాడు ఖాయం, ధరో ధర కట్టే పద్ధతో ఖాయం. విత్తనం, సలహా, ఒక్కోసారి అప్పు కూడా కొనేవాడే ఇస్తాడు.

ఈ పేరెత్తితే చాలు, టీవీ చర్చల్లో రెండు జట్లు తయారవుతాయి. భూములు కార్పొరేట్ల పాలవుతాయని ఒకరు, ధరకు గ్యారంటీ దొరుకుతుందని ఇంకొకరు. ఇద్దరూ చూసేది భూమి కాగితం, ధర కాగితమే. నాకు మామ షెడ్డు దగ్గర అర్థమైంది వేరే. ఒప్పందంలో రాసిన ధర దగ్గర రైతు రాబడి తేలదు. కాటా దగ్గర, పరీక్ష దగ్గర, సరుకు ఎత్తే తేదీ దగ్గర తేలుతుంది. ఆ మూడూ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

ఒక బ్యాచ్ లెక్క

మామది ఐదు వేల కోళ్ల షెడ్డు. లెక్క తేలిగ్గా ఉండడానికి గుండు అంకెలు తీసుకుందాం. వందకు నాలుగు చచ్చిపోతే 4,800 మిగులుతాయి. ఒక్కోటి 2.2 కిలోలు తూగితే మొత్తం 10,560 కిలోలు. కిలోకి 7 రూపాయల గ్రోయింగ్ చార్జీ, అంటే పెంచినందుకు కంపెనీ ఇచ్చే కూలి, లెక్కన 73,920 రూపాయలు. ఊక, కరెంటు, పిల్లలకు మొదటి వారాల్లో వేడి పెట్టే ఖర్చు, కూలీ కలిపి 28 వేలు అనుకుంటే మిగిలేది సుమారు 46 వేలు. కోళ్లు పెరగడానికి నలభై రోజులు, తర్వాత షెడ్డు కడిగి, సున్నం కొట్టి, ఆరబెట్టడానికి రెండు మూడు వారాలు. అంటే రెండు నెలలకు 46 వేలు, రోజుకు 765 రూపాయలు. మామ, అత్త ఇద్దరి కష్టం అది. బ్యాంకు కిస్తీ ఇంకా కట్టలేదు. కింద పోగైన ఎరువు ఆయనదే కాబట్టి దాని మీద కొంత వస్తుంది. చాలా షెడ్లలో అసలు లాభం ఆ ఎరువేనని నవ్వుతారు గానీ అది పూర్తిగా నవ్వులాట కాదు.

ఇప్పుడు తేదీ సంగతి. ఏడాదికి ఆరు బ్యాచ్‌లు వస్తే 4,43,520. మార్కెట్లో రేటు పడిపోయిందనుకోండి, కంపెనీ కొత్త పిల్లలను దింపడం వాయిదా వేస్తుంది. ఏడాదికి ఐదే బ్యాచ్‌లు పడితే 3,69,600. ధర ఒక్క పైసా తగ్గలేదు, ఒప్పందం ఎవరూ మీరలేదు. అయినా ఆరో వంతు ఆదాయం పోయింది. కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ కట్టాల్సిందే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి హైదరాబాద్‌లో చికెన్ తినేవాళ్లు తగ్గినప్పుడు మామ షెడ్డు నెలకు పైగా ఖాళీగా ఉంది. ఆయన మాటల్లో చెప్పాలంటే: "కోడి ధర పెరిగితె నాది గాదు అల్లుడా, తగ్గితె నాది గాదు. బ్యాచ్ లేటైతె మటుకు నాదే."

పరీక్ష సంగతి ఇంకాస్త చిక్కు. ఏడు రూపాయలన్నది మొదలు పెట్టే అంకె. చివరి అంకె ఎఫ్‌సీఆర్ చెబుతుంది. కిలో బరువు రావడానికి కోడి ఎంత దాణా తిన్నదన్న లెక్క అది. 1.6 రావాల్సిన చోట 1.7 వచ్చిందనుకోండి. వినడానికి 0.1 తేడానే. కానీ 10,560 కిలోల మీద అది 1,056 కిలోల అదనపు దాణా. కిలో 40 రూపాయలనుకుంటే 42 వేలు. మామకు బ్యాచ్ మొత్తం మీద మిగిలేదీ దాదాపు అంతే. కాబట్టి కంపెనీ సూపర్‌వైజర్ వారానికి రెండుసార్లు బండేసుకొని ఎందుకొస్తాడో అర్థం చేసుకోవచ్చు. దాణా వృథా చేస్తే, దొంగచాటుగా అమ్మితే నష్టం వాళ్లదే. అందుకే ఎఫ్‌సీఆర్ బాగుంటే కిలోకి కొంత కలుపుతారు, చెడితే కోస్తారు.

అయితే ఎఫ్‌సీఆర్ చెడడానికి కారణం ఎప్పుడూ రైతే కాదు. బలం లేని పిల్లలొస్తే చెడుతుంది. దాణా నాణ్యత పడిపోతే చెడుతుంది. లారీ నాలుగు రోజులు ఆలస్యమైతే మరీ చెడుతుంది, ఎందుకంటే బరువెక్కిన కోడి తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒళ్లు నిలుపుకోవడానికే పోతుంది. ఈ మూడూ కంపెనీ చేతిలోవే. కోత మాత్రం రైతు లెక్కలో పడుతుంది.

కాటా ఒకసారి కళ్లారా చూశాను. రాత్రి రెండింటికి లారీ వచ్చింది. ఎండ తగిలితే దారిలో కోళ్లు చస్తాయని రాత్రిపూటే ఎత్తుతారు. షెడ్డులో లైట్లు తగ్గించి, నలుగురు కుర్రాళ్లు కోళ్ల కాళ్లు పట్టుకొని తలకిందులుగా చేతికి ఐదారు చొప్పున తెచ్చి ట్రేల్లో కుక్కుతున్నారు. ట్రే కాటా మీద పెట్టడం, అంకె నిలబడీ నిలబడకముందే ఒకడు అరవడం, ఇంకొకడు రాసుకోవడం. మామ పక్కన నిలబడి తన చీటీ మీద తానూ రాసుకుంటున్నాడు. సాయంత్రం నుంచి దాణా ఆపేశారు గనక కోడి కడుపు ఖాళీ. లారీ రెండు గంటలు లేటైతే ఆ రెండు గంటల బరువు కూడా తగ్గినట్టే. తెల్లారేసరికి రెండు చీటీలకూ నలభై కిలోల తేడా వచ్చింది. "పోనీలే, పిల్లలు దింపాలె గద మళ్ల" అన్నాడు మామ. బేరమాడే బలం ఎక్కడ పోతుందో ఆ ఒక్క మాటలో ఉంది.

మరి ఎందుకు వదలడు?

ఇంత చెప్పాక వదిలెయ్యొచ్చు కదా అని నేనూ అడిగాను. ఆయన 2020 గుర్తుచేశాడు. కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచిన రోజులవి. ఫిబ్రవరి నెలాఖరులో హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అయినా రేటు నిలవలేదు. సొంతంగా పిల్లలు కొని, దాణా కొని పెంచినవాళ్లు కోళ్లను అడిగినంతకు ఇచ్చేశారు, కొందరు గుంత తీసి పూడ్చేశారు. మామ ఊళ్లో అలా మునిగిన ఇద్దరు మళ్లీ లేవలేదు. మామకు ఆ బ్యాచ్ డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది.

దీన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. భరత్ రామస్వామి, ప్రతాప్ సింగ్ బిర్తల్, పి.కె. జోషి అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని బ్రాయిలర్ రైతుల మీద చేసిన అధ్యయనం ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకునేది. వాళ్లు తేల్చింది ఏమిటంటే, ఇంటిగ్రేషన్ పద్ధతిలో కోడి చవకగా పెరుగుతుంది. ఆ మిగులులో ఎక్కువ భాగం కంపెనీకే చేరుతుంది. అయినా రైతుకు లాభమే, ఎందుకంటే ధర రిస్కులో చాలా భాగం కంపెనీ మీదికి మారిపోతుంది. పైగా ఈ ఒప్పందాల్లోకి వచ్చేది సొంతంగా చేస్తే నిలదొక్కుకోలేని రైతులే. మామ సరిగ్గా ఆ కోవలోని మనిషి. ఆయన కొనుక్కున్నది లాభం కాదు, నిద్ర. కొంత మేరకే లెండి, లారీ రాత్రి రెండింటికి వస్తుంది కదా.

గద్వాలలో కాగితమే లేదు

కోళ్లలో కనీసం లెక్కలు రాసిన బ్యాచ్ షీటు చేతికిస్తారు. జోగులాంబ గద్వాల జిల్లాకు, ఐజ, మల్దకల్ వైపు వెళ్తే లెక్క మారిపోతుంది. దేశంలో వాడే సంకర పత్తి విత్తనంలో పెద్ద వాటా తయారయ్యే ప్రాంతాల్లో ఇదొకటి. అదంతా చేతిపని. ఆడ మొక్క మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. వారాల తరబడి రోజూ ఇదే పని. చిన్న వేళ్లు, తక్కువ కూలి అని ఒకప్పుడు బడి పిల్లలను ఈ చేలల్లోకి దింపిన చరిత్ర కూడా ఈ పంటకు ఉంది.

ఇక్కడ కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, అతని కింద సబ్ ఆర్గనైజర్. కంపెనీ ఒప్పందం ఆర్గనైజర్‌తో. రైతుకు దక్కేది మాట, అడ్వాన్సు. ఆ అడ్వాన్సు మీద నూటికి రెండు రూపాయల మిత్తి అక్కడ మామూలుగా వినిపించే మాట. గింజ ఇచ్చాక జన్యు స్వచ్ఛత పరీక్ష, అంటే అనుకున్న రకమేనా, వేరేది కలిసిందా అన్న పరీక్ష జరుగుతుంది. శాంపిల్ విత్తి, మొలిపించి, మొక్కను చూసి తేల్చే పరీక్ష కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది. ఈలోపు మిత్తి నడుస్తూనే ఉంటుంది. "ఫెయిలైంది" అని ఫోనొస్తే గింజ వెనక్కి వస్తుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఎక్కడ విత్తారు, ఎవరు చూశారు, ఏ మొక్క తేడాగా వచ్చిందని అడగడానికి రైతు చేతిలో చిన్న చీటీ కూడా ఉండదు.

ఇందులో ఒక చోద్యం ఉంది. బీజీ-2 (పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన రకం) పత్తి విత్తన ప్యాకెట్ ఎంతకు మించి అమ్మకూడదో కేంద్రం ఏటా గెజిట్‌లో ప్రకటిస్తుంది. 2025కి 475 గ్రాముల ప్యాకెట్‌కు 901 రూపాయలు. అంటే పై ధరకు కప్పు ఉంది. ఆ విత్తనం పండించిన రైతుకు ఇంతకు తగ్గకూడదని చెప్పే గడప లేదు. విత్తన చట్టం కూడా 1966 నుంచీ కొనుక్కునే రైతును దృష్టిలో పెట్టుకున్నదే, విత్తనం పండించే రైతును కాదు. 2025లో ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు వైపు విత్తన మొక్కజొన్న వేసి నష్టపోయిన గిరిజన రైతుల సంగతి రైతు కమిషన్ దాకా వెళ్లింది. చివరికి పరిహారం వచ్చింది గానీ, ప్రభుత్వం కలగజేసుకోవడం వల్ల వచ్చింది, ఒప్పందం వల్ల కాదు.

ఇవన్నీ కాగితం లేని కథలు, కాగితం ఉంటే చాలుగా అనిపించవచ్చు. ఆయిల్ పామ్ చూడండి. అక్కడ కాగితం కాదు, చట్టమే ఉంది. 1993లో ఉమ్మడి రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం మండలాలను ఫ్యాక్టరీ జోన్లుగా పంచారు. ఆ జోన్‌లో పండిన గెలలు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి, ఫ్యాక్టరీ కొనితీరాలి. ధరకు సూత్రం ఉంది. ముడి పామాయిల్ రేటు, గెలలో ఎంత శాతం నూనె వస్తుందన్న లెక్క కలిపి నెలనెలా ప్రకటిస్తారు. గెల కోశాక ఒక రోజులో గానుగకు చేరకపోతే నూనె పాడవుతుంది కాబట్టి రైతు సరుకు దాచుకోలేడు, దూరం తీసుకెళ్లలేడు. అందుకే ఆ నూనె శాతం మీదే అశ్వారావుపేట రైతుల గొడవంతా. పొరుగున ఏలూరు జిల్లా పెదవేగి గానుగలో ఎక్కువ శాతం చూపిస్తుంటే మా దగ్గర తక్కువెందుకని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. మళ్లీ అదే, పరీక్ష ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న.

సూత్రం దళారి నుంచి కాపాడుతుంది, ప్రపంచం నుంచి కాపాడదు. 2022 వేసవిలో టన్ను గెలలు 20 వేలు దాటాయి. ఏడాది తిరిగేసరికి బాగా జారిపోయాయి. దిగుమతి సుంకం ఢిల్లీలో ఒక సంతకంతో మారుతుంది. 2024 సెప్టెంబరులో పెంచారు, 2025 మేలో తగ్గించారు. మొక్క నాటాక కాపు రావడానికే మూడు నాలుగేళ్లు, ఆపైన పాతికేళ్లు ఉండే తోట. పత్తి కాకపోతే మక్క అన్నట్టు వచ్చే వానాకాలం మార్చుకునే పంట కాదు. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ తెచ్చినప్పుడు ధర పడితే ఆదుకునే ఏర్పాటు కూడా అందులో పెట్టింది. ఈ గుబులు ప్రభుత్వానికీ తెలుసన్నమాట.

కొనేవాడే ఎగ్గొడితే? ఆర్మూరు ప్రాంతంలో పెద్దవాళ్లను ఎర్రజొన్న గురించి అడిగితే చెబుతారు. ఉత్తరాది పశువుల మేత కోసం పోయే ఈ విత్తన జొన్నను వ్యాపారులు బైబ్యాక్ పద్ధతిలో వేయిస్తారు. 2008లో ఆ డబ్బు రైతులకు అందలేదు, రోడ్లెక్కారు, అది కాల్పుల దాకా పోయింది. ఆ బకాయి రాష్ట్రం విడిపోయాక కొత్త ప్రభుత్వం తీర్చింది. వ్యాపారి అప్పును ఖజానా కట్టిందన్నమాట. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారంటే, అందులో 170 మందికి పైగా ఎర్రజొన్న, పసుపు రైతులేనంటే, ఆ మంట ఒక్క ఏడాదిది కాదు.

ఆదాయం పెరిగిందా లేదా

పరిశోధనలను పోగేసి చూసినవాళ్లు పెరిగిందనే అంటారు. పేద, మధ్య ఆదాయ దేశాల అధ్యయనాలను జల్లెడ పట్టిన ఒక పెద్ద సమీక్ష 2018లో అచ్చయింది. ఒప్పంద రైతుల ఆదాయం సగటున 23 నుంచి 54 శాతం దాకా ఎక్కువని అది లెక్క కట్టింది. ఈ అంకెను కంపెనీల ప్రచారంలో అలాగే ఎత్తి చూపవచ్చు. కానీ అది రాసినవాళ్లే ఒక హెచ్చరిక పెట్టారు. పరిశోధకుడు వెళ్లేది నడుస్తున్న పథకం దగ్గరికి. రెండేళ్లలో మూతబడ్డ పథకం దగ్గరికి ఎవరు వెళ్తారు? మా మామ ఊళ్లో వదిలేసిన షెడ్లు మూడున్నాయి, రేకులు ఊడిపోయి. వాటి ఎఫ్‌సీఆర్ ఎవరి సగటులోనూ ఉండదు.

సగటు ఇంకోటి కూడా దాస్తుంది. ఆర్థికవేత్త సుధా నారాయణన్ తమిళనాడులో నాలుగు రకాల ఒప్పందాలు పరిశీలిస్తే బొప్పాయి, బ్రాయిలర్లలో రైతుకు మేలు కనిపించింది, బంతిపూలలో నష్టం తేలింది. ఒకే పంటలోనూ రైతు రైతుకూ చాలా తేడా. కాబట్టి "కాంట్రాక్టు ఫార్మింగ్ మంచిదా చెడ్డదా" అని అడగడం "అప్పు మంచిదా చెడ్డదా" అని అడిగినట్టే.

ఆ సగటులోకి అసలు రానివాళ్లూ ఉన్నారు. తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. కంపెనీకి ఒక్కో ఎకరం తిరిగి సరుకు పోగేయడం ఖర్చు, అందుకే బోరు, బాట, పాస్‌బుక్ ఉన్న రైతు దగ్గరే ఆగుతుంది. కౌలు రైతుకు పాస్‌బుక్ ఉండదు. షెడ్డుకు లోను కావాలన్నా భూమి చూపాలి. ఆయిల్ పామ్ పెడితే పాతికేళ్లు కౌలుకిచ్చే ఆసామి ఎవరూ ఉండరు. పైగా పట్టాదారు తోట పెట్టుకోగానే కౌలుదారు చేతిలోంచి ఆ ఎకరం జారిపోతుంది. ఏ ఒప్పందంలోనూ పేరు లేని మనిషి బతుకూ దాంతో మారిపోతుంది.

చట్టం విషయంలో చాలామందికి ఒక తికమక ఉంది. 2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఒప్పంద సేద్యం మీదే. గొడవ వస్తే సివిల్ కోర్టుకు కాకుండా ఆర్డీవో స్థాయి అధికారి దగ్గరికి వెళ్లాలని అందులో ఉంది. దాని మీద పెద్ద అభ్యంతరాల్లో అదొకటి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాల అమలును ఆపింది, నవంబరులో పార్లమెంటు రద్దు చేసింది. దాంతో ఒప్పంద సేద్యమే ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు. ఆ చట్టానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. బ్రాయిలర్, విత్తనం, గెర్కిన్ దోస అన్నీ నడుస్తూనే ఉన్నాయి. కోర్టు తలుపు తెరిచి ఉందని సంతోషించాలా అంటే, ఐదు వేల కోళ్ల రైతు నలభై కిలోల తేడా కోసం షాద్‌నగర్ కోర్టు మెట్లెక్కడు. తలుపు తట్టగల స్తోమత ఉన్నవాళ్లకు కోర్టు దగ్గరే. 2019లో గుజరాత్‌లో తమ రకం ఆలుగడ్డ పండించారని పెప్సికో సంస్థ కొందరు రైతుల మీద ఒక్కొక్కరికీ కోటి రూపాయలకు పైగా దావా వేసింది. దేశమంతా గగ్గోలెత్తాక వెనక్కి తీసుకుంది.

కంపెనీల వైపు నుంచి వినిపించే ఫిర్యాదు ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. బయట రేటు పెరగగానే రైతు రాత్రికి రాత్రే వేరేవాడికి అమ్మేస్తాడని. నిజమే, అమ్ముతారు. విత్తనం, మందు ముందుగా పెట్టిన కంపెనీకి అది నష్టమే. అయితే ఆ అవకాశం ఉన్న పంటల్లోనే ధర కాస్త మర్యాదగా ఉంటుందని గమనించాను. వేరే దారి లేని చోట, అంటే విత్తన పత్తిలో, షెడ్డు అప్పు మెడకున్న చోట మాటతీరే మారిపోతుంది.

ఇందుకు భిన్నంగా నిలిచే ఊరు ఒకటుంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో 1956లో పెట్టిన సహకార సంఘం సభ్యులతో విత్తన వరి వేయిస్తుంది, కొంటుంది, మిగిలిన లాభంలో బోనస్ పంచుతుంది. అక్కడా నిబంధనలు గట్టివే, అక్కడా శాంపిల్ ఫెయిలవుతుంది. కాకపోతే కాటా ఎవరిదని అడిగితే సభ్యులు మాదే అంటారు. ప్రతి ఊళ్లో ముల్కనూర్ ఎందుకు మొలవలేదన్నది ఇంకో వ్యాసం అవుతుంది.

పోయిన బ్యాచ్ నుంచి మామ కొడుకు ఒక పని మొదలెట్టాడు. దాణా బస్తా దిగిన ప్రతిసారీ చీటీ ఫొటో, పిల్లలు దిగిన రోజు బరువు ఫొటో, కాటా మీద ప్రతి ట్రే అంకె ఫొటో. కుర్రాళ్లు మొదట నవ్వారట, తర్వాత అంకె నిలబడే దాకా ఆగడం మొదలుపెట్టారట. ఈసారి రెండు చీటీలకూ తేడా ఆరు కిలోలే. మొన్న ఫోన్ చేసి అభినందించి, మరి కొత్త బ్యాచ్ ఎప్పుడని అడిగాను.

"ఫోన్ జేస్తమన్నరు" అన్నాడు మామ. షెడ్డు కడిగి అప్పటికి ఇరవై ఆరు రోజులైంది.